మంచె మీద కాపలా: పిల్లల అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్‌కి జోన్ కవరేజ్ నేర్పడం ఎలా

మొదటి సీజన్లో నేను చేసిన తప్పుతో మొదలుపెడతా, ఎందుకంటే కొత్తగా కోచింగ్‌కి వచ్చినవాళ్ళు చాలామంది ఇదే చేస్తుంటారు. మా అవుట్‌సైడ్ లైన్‌బ్యాకర్, అంటే డిఫెన్స్‌లో ముందు వరస వెనకాల చివర్లో నిలబడేవాడు, 11 ఏళ్ళ పిల్లాడు, చెప్పింది చెప్పినట్టు చేసే రకం, వాడికి వారం అంతా ఒకటే మాట చెప్పాను, నీ జోన్ వదలకు, నీ జోన్ వదలకు అని. శనివారం గేమ్‌లో వాడు ప్రాక్టీస్‌లో కోన్ పెట్టిన చోటుకి సరిగ్గా వెళ్ళి నిలబడ్డాడు, వాడికి 4 గజాల అవతల రిసీవర్, అంటే అవతలి టీమ్‌లో పాస్ పట్టుకునేవాడు, ఆగి, వెనక్కి తిరిగి, తీరిగ్గా బాల్ పట్టుకుని 30 గజాలు పరిగెత్తేశాడు. సైడ్‌లైన్‌కి వచ్చాక "కోచ్, నేను నా జోన్‌లోనే ఉన్నా కదా" అన్నాడు, కళ్ళల్లో నీళ్ళు. వాడు చెప్పింది నిజమే. వాడి చేత గడ్డికి కాపలా కాయించింది నేనే.

ఇది రాస్తున్నది అమెరికాలో పిల్లల్ని ఫుట్‌బాల్‌లో వేసి, అదే హెల్మెట్లు పెట్టుకుని ఆడే అమెరికన్ ఫుట్‌బాల్, వాలంటీర్లు తక్కువయ్యారు మీరు డిఫెన్స్‌కి కొంచెం హెల్ప్ చేస్తారా అని అడిగితే సరే అన్న మన తెలుగు నాన్నల కోసం, అమ్మల కోసం కూడా. నేనుండేది జార్జియాలో అట్లాంటాకి ఉత్తరాన కమ్మింగ్ వైపు, ఇక్కడ ఆగస్టు వచ్చిందంటే ఊరంతా ఫుట్‌బాలే. చిన్నప్పుడు మనం ఆడిన ఆట కాదు కాబట్టి మనకి రాదు అనుకోకండి, జోన్ కవరేజ్ అనే ఐడియా మనకి బాగా తెలిసిన ఐడియానే.

జొన్న చేలో మంచె చూసే ఉంటారు. మంచె మీద ఉన్నవాడు కిందకి దిగి ఒక్కో పిట్ట వెనక పరిగెత్తడు, అలాగని మంచె కర్రని పట్టుకుని కళ్ళు మూసుకుని కూర్చోడు. పిట్టల గుంపు ఎటు నుంచి వస్తోంది, ఎక్కడ వాలబోతోంది అని చూస్తూ ఉండి, వాలేలోపే వడిసెల తిప్పుతాడు. జోన్ అంటే అదే అండీ. ఒక్కో పిల్లాడికి గ్రౌండ్‌లో ఒక ముక్క ఇస్తాం, ఆ ముక్కలోకి ఎవరు వస్తున్నారు, బాల్ ఎటు వెళ్ళబోతోంది అని వాడు చూస్తూ ఉండాలి. మ్యాన్ కవరేజ్ అంటే దీనికి పూర్తిగా వేరే, నువ్వు ఆ 14 నంబర్ కుర్రాడి వెంటే పో, వాడు ఎటు పోతే అటు పో అని.

కబడ్డీ ఆడినవాళ్ళకైతే ఇంకా ఈజీ. రైడర్ ఎడమ వైపు నుంచి కుడి వైపుకి వెళ్తే ఎడమ కార్నర్ వాడు వాడి వెనక కోర్టంతా తిరగడు కదా, అటున్న కవర్, కార్నర్ చూసుకుంటారు, ఇతను మాత్రం చూపు రైడర్ మీదే ఉంచి నాలుగడుగులు లోపలికి జరుగుతాడు. కార్నర్, కవర్ అనే మాటలు కూడా రెండు ఆటల్లోనూ ఉండటం నాకు భలే అనిపిస్తుంది. మా టీమ్‌లో ముగ్గురు తెలుగు పిల్లలు ఉంటే వాళ్ళకి యూట్యూబ్‌లో కబడ్డీ మ్యాచ్ పది నిమిషాలు చూపించాను, కార్నర్ వాడి కళ్ళు ఎక్కడున్నాయో మాత్రమే చూడండి అని.

ఇంతకీ ఈ వయసుకి, అంటే 10 నుంచి 12 ఏళ్ళ పిల్లలకి జోన్ ఎందుకు? నా లెక్కలో పెద్ద కారణం ఒకటే. ఈ వయసులో ఎక్కువ ప్లేలు రన్‌లే, అంటే బాల్ పట్టుకుని పరిగెత్తడమే, గాల్లోకి విసిరే పాస్ అప్పుడప్పుడు వస్తుంది. మ్యాన్ ఆడే పిల్లాడు రిసీవర్ వెంట పరిగెత్తుతూ బాల్‌కి వీపు చూపిస్తాడు, వెనకాల రన్ ప్లే నడిచి, మన చివరి గీత దాటేసి టచ్‌డౌన్ అయిపోయినా వాడికి తెలీదు. జోన్ ఆడే పిల్లాడి మొహం ఎప్పుడూ బాల్ విసిరే క్వార్టర్‌బ్యాక్ వైపే ఉంటుంది కాబట్టి రన్ కూడా కనిపిస్తుంది. ఇంకోటి, మ్యాన్‌లో మన నిదానమైన పిల్లాడికి అవతలి టీమ్‌లో చిచ్చరపిడుగు దొరికితే ఆ గేమ్ అంతా వాడికి నరకం, జోన్‌లో అయితే పక్కవాడు, వెనకవాడు ఉంటారు.

మొదలు కవర్ 3 తోనే పెట్టండి, ఇంకేదీ వద్దు. వెనకాల లోతుగా ముగ్గురు, ముందు నలుగురు, మిగిలిన నలుగురు లైన్‌మెన్ క్వార్టర్‌బ్యాక్ మీదకి వెళ్తారు, మొత్తం 11 మంది. 4-4 ఫార్మేషన్, అంటే నలుగురు లైన్‌మెన్, నలుగురు లైన్‌బ్యాకర్లతో ఆడే టీమ్‌కి ఎవరినీ ఎక్కడికీ మార్చకుండానే ఇది సరిపోతుంది, రెండు చివర్లలో ఇద్దరు కార్నర్లు, మధ్యలో సేఫ్టీ కలిసి వెనక ముగ్గురు, నలుగురు లైన్‌బ్యాకర్లు ముందు నలుగురు. పిల్లలు "ఇది చిన్న పిల్లల డిఫెన్సా కోచ్" అని అడుగుతారు, అప్పుడు ప్రొఫెషనల్ టీమ్ సియాటిల్ సీహాక్స్ గురించి చెప్పండి. పీట్ క్యారల్ కోచ్‌గా ఉన్నప్పుడు వాళ్ళు ఎక్కువగా ఆడింది కవర్ 3 నే, మధ్యలో లోతుగా ఎర్ల్ థామస్, ఒక పక్క కార్నర్‌గా రిచర్డ్ షెర్మన్, అదే డిఫెన్స్‌తో 2014 ఫిబ్రవరి 2 న సూపర్ బౌల్ ఫైనల్‌లో డెన్వర్‌ని 43-8 తో కొట్టారు. ఈ ఒక్క మాటతో మా పిల్లలకి గ్రౌండ్ మీద ఒక అంగుళం ఎత్తు పెరిగినట్టు అనిపించింది.

ఇప్పుడు గ్రౌండ్ లెక్క. గజాల లెక్క మనకి కొత్తేం కాదు, ఇంటి స్థలాలు గజాల్లోనే కొంటాం కదా. గ్రౌండ్ వెడల్పు 160 అడుగులు, అంటే 53 గజాల పైన చిల్లర. హైస్కూల్ గ్రౌండ్‌లో రెండు హ్యాష్ మార్కుల వరుసలు, అంటే గ్రౌండ్ పొడవునా వేసిన చిన్న గీతలు, ఈ వెడల్పుని సరిగ్గా మూడు భాగాలు చేస్తాయి, అదీ మనకి దేవుడిచ్చిన వరం, ఎందుకంటే వెనక ముగ్గురికీ గీతలు గీసి పెట్టినట్టే. ఒక్కొక్కరికి దాదాపు 18 గజాల వెడల్పు. ముందు నలుగురికి తలా 13 గజాలు పైచిలుకు వస్తుంది, మధ్యలో ఇద్దరివి హుక్ జోన్లు, చివర్లో ఇద్దరివి సైడ్‌లైన్ వైపు ముక్కలు, దగ్గరిది ఫ్లాట్, దాని లోపలగా వెనకది కర్ల్.

కానీ ఈ వెడల్పు అంతా ఈ వయసు పిల్లలు సమానంగా కాయక్కర్లేదు, ఇది చాలామంది పట్టించుకోని విషయం. బాల్ ఎడమ హ్యాష్ మీద ఉందనుకోండి, కుడి సైడ్‌లైన్ అక్కడి నుంచి 35 గజాల పైనే ఉంటుంది, అడ్డంగా. 11 ఏళ్ళ పిల్లాడు అంత దూరం విసిరితే బాల్ గాల్లో తేలుతూ, తేలుతూ వస్తుంది, మన వాడు నడిచి వెళ్ళి కూడా అందుకోవచ్చు. అందుకని బాల్ ఏ హ్యాష్ మీద ఉంటే అందరినీ అటు రెండు మూడు గజాలు జరపండి. సీజన్ మొదట్లో మీ క్వార్టర్‌బ్యాక్ చేత ఎంత దూరం పడితే అంత దూరం అయిదారు బాల్స్ విసిరించి, పడిన చోట కోన్ పెట్టండి. మీ సేఫ్టీకి ఆ కోన్ చూపించి, దీనికి అవతల ఏం జరగదు నాన్నా, భయపడి ఇంకా వెనక్కి పోకు అని చెప్పండి. లోతు అనే మాటకి పిల్లాడికి అప్పుడు ఒక కొలత దొరుకుతుంది.

మొదటి రోజు బాల్ అసలు బయటికి తీయకండి. కోన్లతో ముగ్గు వేసినట్టు ఏడు గళ్ళు వేసి, పిల్లల్ని నడిపించండి, పరుగు వద్దు. ఒక్కొక్కడు తన గడిలోకి నడిచి వెళ్ళి గట్టిగా దాని పేరు అరవాలి, "డీప్ మిడిల్", "లెఫ్ట్ ఫ్లాట్", "హుక్" అని. సిగ్గుపడతారు, పర్లేదు, అరిచేదాకా ఆగండి. నాలుగైదు సార్లు అయ్యాక కోన్లు తీసేయండి. ఇది మర్చిపోవద్దు, కోన్లు ఎక్కువ రోజులు ఉంచితే నాకు జరిగినట్టే జరుగుతుంది, పిల్లాడు కోన్‌ని కాస్తాడు.

తర్వాత మొదటి అడుగు. వెనక ముగ్గురికి ఒకటే రూల్, మొదటి అడుగు ఎప్పుడూ వెనక్కే. బాల్ ఉన్న గీత నుంచి కార్నర్ 6, 7 గజాల దూరంలో, సేఫ్టీ 10 గజాల దగ్గర నిలబడి, స్నాప్ అవ్వగానే, అంటే బాల్ వెనక్కి అందించి ప్లే మొదలవ్వగానే, మూడు అడుగులు బ్యాక్‌పెడల్, అది రన్ అయినా సరే. రన్‌కి ఒక సెకను లేటుగా వస్తే 5 గజాలు పోతాయి, పాస్‌కి ముందుకి అడుగేస్తే ఏకంగా టచ్‌డౌన్ పోతుంది. లైన్‌బ్యాకర్లకి మాత్రం చూడాల్సింది ఎదురుగా ఉన్న గార్డ్‌ని, అంటే అవతలి లైన్‌లో మధ్యవాడి పక్కన ఉన్నవాడిని. వాడి హెల్మెట్ కిందకి వంగి ముందుకి వస్తే రన్, హెల్మెట్ పైకి లేచి వాడు వెనక్కి జరిగితే పాస్. పాస్ ప్లేలో ఆఫెన్స్ లైన్‌మెన్ ముందుకి దూసుకెళ్ళకూడదని రూల్ ఉంది కాబట్టి ఈ గుర్తు చాలావరకు నమ్మొచ్చు. నేను మా లైన్‌బ్యాకర్లని వరసగా నిలబెట్టి, ఎదురుగా నేనే గార్డ్‌లా వంగి, ఒకసారి ముందుకి, ఒకసారి వెనక్కి జరిగేవాడిని, వాళ్ళు "రన్" లేదా "పాస్" అని అరిచి అటు రెండడుగులు వేయాలి, అంతే డ్రిల్. రోజూ 5 నిమిషాలు. మూడో వారానికి చూడాలి వాళ్ళని, బాల్ క్వార్టర్‌బ్యాక్ చేతికి సరిగ్గా అందకముందే అరిచేస్తున్నారు.

పాస్ అని తెలిశాక లైన్‌బ్యాకర్ వెనక్కి 8, 10 గజాలు డ్రాప్ అవ్వాలి. ఇక్కడ పిల్లలు రెండు రకాలుగా తప్పు చేస్తారు. కొందరు బాల్‌కి వీపు తిప్పి పరిగెత్తి పోతారు, కొందరు పీతల్లాగా పక్కకి పక్కకి జరుగుతూ ఎక్కడికీ చేరరు. తుంటి పక్కకి తిప్పి, పరిగెత్తుతూనే తల మాత్రం క్వార్టర్‌బ్యాక్ వైపు పెట్టడం నేర్పాలి. మన ఇళ్ళల్లో పిల్లాడు బయటికి పరిగెత్తుతూ అమ్మ ఏమంటోందో అని వెనక్కి చూస్తాడే, అచ్చం ఆ పోజు.

ఇక అసలు విషయం, చూపు. ఈ మొత్తం వ్యవహారంలో నేను ఎక్కువ టైం పెట్టేది దీని మీదే, మీరూ అలాగే పెట్టమని నా సలహా. పిల్లాడు నిదానంగా పరిగెత్తినా సరైన చోట చూస్తే సమయానికి చేరతాడు, మెరుపులా పరిగెత్తేవాడు తప్పు చోట చూస్తే ఎందుకూ పనికిరాదు. క్వార్టర్‌బ్యాక్ ఎటు విసరబోతున్నాడో వాడి ముందు భుజం చెప్పేస్తుంది, ఈ వయసులో ఎవరికీ దాచడం రాదు. విసిరే ముందు రెండో చెయ్యి బాల్ మీద నుంచి వదులుతాడు, అది వదిలిందంటే బాల్ వస్తున్నట్టే. డ్రిల్ ఏంటంటే, లైన్‌బ్యాకర్లు నలుగురూ, వెనక ముగ్గురూ మొత్తం ఏడుగురు తమ జోన్లలోకి డ్రాప్ అవుతారు, క్వార్టర్‌బ్యాక్‌గా మీరే ఉంటారు, రిసీవర్లు ఎవరూ ఉండరు. మీరు భుజం ఎడమకి తిప్పితే అందరూ అటు వాలాలి, కుడికి తిప్పితే కుడికి. చెయ్యి వదలగానే అందరూ ఒకే క్షణంలో పాదం నేలలో గుచ్చి బాల్ పడే చోటుకి పరిగెత్తాలి. ఏడుగురిలో ఎంతమంది బాల్‌కి 5 గజాల లోపు చేరారో లెక్కపెట్టి పైకి చెప్పండి. మేం మొదట్లో ఇద్దరితో మొదలై సీజన్ సగానికి ఆరుగురి దాకా వచ్చాం, పిల్లలు ఆ నంబర్ కోసం పోటీపడేవాళ్ళు. బాల్ గాల్లోకి లేచాక ఎవరి జోనూ ఉండదు, ఊళ్ళో కల్లం అంటుకుంటే ఎవరి ఇంట్లో ఉన్నవాళ్ళు ఆ ఇంట్లోంచి బిందె పట్టుకుని వస్తారే, అలాగే అందరూ రావాలి.

ఇప్పుడు రిసీవర్లని పెట్టండి. పిల్లాడి బుర్రలో మూడే ప్రశ్నలు ఉండాలి. నా జోన్‌లో ఒకడున్నాడు, అప్పుడు వాడికీ క్వార్టర్‌బ్యాక్‌కీ మధ్యలోకి చూపు ఉంచుకుని వాడికి దగ్గరవ్వాలి. ఎవడూ లేడు, అప్పుడు పక్కన ఎవడు రాబోతున్నాడో వెతికి అటు జరగాలి, ఖాళీ గడ్డిని పట్టుకుని నిలబడకూడదు, ఇందాక చెప్పిన పిల్లాడికి నేను నేర్పనిది ఇదే. ఇద్దరున్నారు, అప్పుడేం చెయ్యాలి? వెనక ముగ్గురైతే ఎప్పుడూ ఎక్కువ లోతున్నవాడినే తీసుకోవాలి, నీ వెనక ఎవడూ ఉండకూడదు అనేది వాళ్ళకి వేదం. ముందు నలుగురైతే కూడా నేను లోతువాడి వైపే ఉండమంటా, దగ్గరి ఫ్లాట్‌లో వాడికి 3 గజాల పాస్ ఇచ్చేయండి, పట్టుకున్నాక వెళ్ళి ట్యాకిల్ చేయండి, అంటే పట్టి పడేయండి, కానీ తల మీంచి 12 గజాల పాస్ ఇవ్వద్దు. పేరెంట్స్ స్టాండ్స్‌లోంచి "వాడిని ఖాళీగా వదిలేశారు" అని అరుస్తారు. అరవనివ్వండి, చిన్న పాస్ ఇచ్చి పెద్ద పాస్ ఆపడం అనేది మనం తెలిసి చేసుకున్న బేరం, పిల్లలకి కూడా అదే ముందే చెప్పి ఉంచండి, లేకపోతే ఆ అరుపులకి కంగారుపడి ముందుకి ఉరుకుతారు.

మాట్లాడుకోవడం దీనికి ప్రాణం. రిసీవర్ ఒకడి జోన్ దాటి పక్కవాడి జోన్‌లోకి పోతుంటే "క్రాస్, క్రాస్" అని అరవాలి, పక్కవాడు "నాది" అన్నట్టు జవాబు ఇచ్చేదాకా వదలకూడదు, మేం "గాట్ హిమ్" అనిపించేవాళ్ళం. పాస్ అని చదివినవాడు "పాస్", బాల్ గాల్లోకి లేస్తే అందరూ "బాల్", మనవాడు పట్టేస్తే "ఆస్కీ" అని అరుస్తారు, ఇది అమెరికాలో డిఫెన్స్ వాళ్ళు ఎప్పటినుంచో వాడే అరుపు, వినగానే అందరూ తిరిగి మనవాడికి బ్లాక్ చేయాలని అర్థం. ఇంట్లో నోరు మూయని పిల్లలు గ్రౌండ్‌లో ఎందుకో మూగబోతారు, అందుకే ప్రాక్టీస్‌లో అరుపు లేకపోతే ఆ ప్లే లెక్కలోకి రాదు అని రూల్ పెట్టాను, మళ్ళీ చేయాల్సిందే.

బాల్ దగ్గరికి చేరాక ఒక మాట. బాల్ గాల్లో ఉండగా రిసీవర్‌ని పట్టుకోవడం, తోయడం చేస్తే పాస్ ఇంటర్‌ఫియరెన్స్ ఫ్లాగ్ పడుతుంది, అందుకని మనిషి మీదకి కాదు, బాల్ మీదకి వెళ్ళమనాలి. ఎగిరి, చేతులు చాచి, ఎత్తులోనే అందుకోవాలి, ఛాతీ దాకా వచ్చేవరకు ఆగితే పక్కవాడు లాక్కుపోతాడు. నాలుగో డౌన్, అంటే వాళ్ళ చివరి ఛాన్స్ అయితే పట్టుకోకుండా కిందకి కొట్టేయమనండి, బాల్ మన ఆఫెన్స్‌కి మంచి చోట దొరుకుతుంది.

ట్యాకిల్ గురించి విడిగా చాలా రాయాలి, ఇక్కడ ఒకటి మాత్రం. జోన్‌లో చిన్న పాస్‌లు ఇస్తాం కాబట్టి ట్యాకిల్ రాకపోతే జోన్ కూడా రాదు. తల పైకి, కళ్ళు ఎదురుగా, భుజంతో, హెల్మెట్‌తో ఎప్పుడూ కాదు. తలకి దెబ్బ తగిలిందేమో అని మీకు అనుమానం వచ్చినా చాలు, పిల్లాడిని బయట కూర్చోబెట్టండి, డాక్టర్ సరే అనేదాకా మళ్ళీ దింపకండి, జార్జియాలో స్కూల్ టీమ్‌లకి దీని మీద చట్టమే ఉంది. ఇలాంటి తల దెబ్బ, అదే కన్‌కషన్ మీద అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ వాళ్ళ హెడ్స్ అప్ కోర్సు ఆన్‌లైన్‌లో ఫ్రీగా దొరుకుతుంది, కోచ్ అవ్వకముందే చేసేయండి. గేమ్ పోతే పోనివ్వండి, వాడు మన చేతిలో ఎవరో పెట్టిన బిడ్డ.

ఇక మోసపు ప్లేలు. ప్లే యాక్షన్, అంటే రన్‌కి ఇచ్చినట్టు నటించి పాస్ విసరడం, దీనికి వెనక ముగ్గురి మూడడుగుల రూలే మందు. ఈ వయసులో ఇంకా ప్రమాదం హాఫ్‌బ్యాక్ పాస్, రన్నింగ్ బ్యాక్ బాల్ తీసుకుని పక్కకి పరిగెత్తుతూ సడన్‌గా విసిరేస్తాడు, మన కార్నర్ రన్ అనుకుని పైకి వచ్చేసి ఉంటాడు, వెనకాల అంతా ఖాళీ. కార్నర్‌కి చెప్పాల్సింది ఒక్క మాట, బాల్ మనవైపు గీత దాటేదాకా నీ ముందున్న రిసీవర్ కంటే లోతుగానే ఉండు అని. ముగ్గురు రిసీవర్లని ఒకే పక్కకి పంపి జోన్‌ని నింపేసే ఫ్లడ్ ప్లే కూడా వస్తుంది, ఒకడు లోతుగా, ఒకడు మధ్యలో, ఒకడు ఫ్లాట్‌లో. కార్నర్ లోతువాడిని, అవుట్‌సైడ్ లైన్‌బ్యాకర్ మధ్యవాడిని తీసుకుంటారు, లోపలి లైన్‌బ్యాకర్ రెండో పక్క పని లేదు కాబట్టి ఇటు జరిగి ఫ్లాట్ వాడి మీదకి వస్తాడు. ప్రతి వారం ప్రాక్టీస్‌లో ఈ రెండు ప్లేలూ చెప్పకుండా మధ్యలో వేయండి.

టీవీలో చూసి కవర్ 2, అంటే వెనక లోతుగా ఇద్దరితో ఆడదాం అనే పిల్లలు, పేరెంట్స్ ఉంటారు. కోచ్ టోనీ డంజీ టాంపా బేలో ఆడించిన టాంపా 2 అంటే చాలా పేరు, దాని మూలాలు ఆయన ప్లేయర్‌గా ఉన్న 1970ల పిట్స్‌బర్గ్ స్టీలర్స్ టీమ్‌లో ఉన్నాయి. కానీ అందులో మిడిల్ లైన్‌బ్యాకర్ రన్ కూడా ఆపాలి, పాస్ అయితే ఇద్దరు సేఫ్టీల మధ్యలోకి లోతుగా పరిగెత్తాలి కూడా, 11 ఏళ్ళకి అది దొరకడం కష్టం. కవర్ 3 సరిగ్గా వచ్చేదాకా రెండోది నేర్పడం నాకు ఇష్టం ఉండదు.

కవర్ 3 కి నిజమైన బలహీనత నలుగురు రిసీవర్లు నిలువుగా పరిగెత్తడం, వెనక మనకున్నది ముగ్గురే. అప్పుడు సేఫ్టీ లోపలి ఇద్దరికీ సరిగ్గా మధ్యలో ఉండి బాల్ విడిచేదాకా ఎటూ కదలకూడదు, ముందున్న లైన్‌బ్యాకర్లు ఆ లోపలి వాళ్ళ దారిలో నిలబడి, దాటిపోతుంటే వాళ్ళతో పాటే వెనక్కి పరిగెత్తాలి, ఇక్కడ మాత్రం జోన్ కాసేపు మ్యాన్‌లా మారుతుంది. దీనికోసం పిల్లల్ని ముందే భయపెట్టకండి. గేమ్‌కి ముందు వార్మప్‌లో అవతలి టీమ్ క్వార్టర్‌బ్యాక్‌ని పక్కన నిలబడి పది త్రోలు చూడండి, ఎంత దూరం పడుతోందో అడుగులేసి కొలిచినంత శ్రద్ధగా చూడండి. బాల్ 20 గజాల దగ్గరే చచ్చిపోతోందంటే సేఫ్టీని రెండు గజాలు ముందుకి తీసుకురండి, ఈ నలుగురి ప్లే గురించి ఆ రోజు మాట్లాడక్కర్లేదు. 30 గజాలు నేరుగా వేస్తున్నాడంటే సేఫ్టీని పిలిచి ఆ చెయ్యి చూపించండి, వాడికి విషయం అర్థమవుతుంది.